నేత్ర సొంత గొంతు

మా తమ్ముడి కూతురు నేత్ర హైదరాబాదులో టీవీ నటి. మాన్వి పట్టణం పక్కనున్న మా పల్లె నుంచి వెళ్లి పదకొండేళ్లలో ఐదు సీరియళ్లు చేసింది, రెండు అవార్డులు తెచ్చింది. ఇంత చేసినా తెరమీద ఆమె గొంతు ఏనాడూ వినపడలేదు. మన యాస పనికిరాదని ప్రతిసారీ వేరొకరితో డబ్బింగ్ చెప్పించారు.

ఆమధ్య మాత్రం ఆరో సీరియల్లో పత్తి కూలీ వేషానికి మన మాటే కావాలన్నారట. సాయంత్రంలోగా గొంతు రికార్డు చేసి పంపాలి. నచ్చకపోతే మళ్లీ డబ్బింగే. షూటింగ్ నుంచి నేరుగా బస్సెక్కి వచ్చిన పిల్ల, మా అమ్మ రంగవ్వ ముందు నిలబడి డైలాగుల కాగితం చదివింది.

"ఏందే, వార్తలు చదువుతున్నవా?" అని అమ్మ నవ్వింది.

పదిసార్లు చదివినా అమ్మ ఒప్పుకోలేదు. నేత్ర కాగితం పక్కన పడేసి అరుగు మీద కూలబడింది.

"నాతోని గాదవ్వా. కాళ్లు గుంజుతున్నయి. ఇగ నన్నిడిచిపెట్టు."

"గిదే! గిట్లనే చెప్పు," అంది అమ్మ.

నేత్ర లేవకుండానే ఫోను అందుకుని, ఆ అలసటతోనే డైలాగులు చెప్పి, రికార్డు చేసి పంపింది.

నాకిప్పుడు చూపు సరిగా ఆనదు. అయినా రోజూ ఏడున్నరకు టీవీ పెట్టమంటాను. ఆరో సీరియల్లో ఆ గొంతు మా పిల్లదే.