అరుణ టీచర్ అయస్కాంతం

తాడిమర్రి దగ్గరి బడిలో కెమిస్ట్రీ చెప్పే అరుణ టీచర్ హ్యాండ్‌బ్యాగులో ఎప్పుడూ ఒక అయస్కాంతం ఉంటుంది. ప్రయోగమంటే చాలు, కొంగు నడుముకు దోపి పిల్లల్ని వరండాలోకి పిలుస్తుంది. ఆరోజు ఇనుపరజను, గంధకం కలిపి కాల్చి, "ఇది సమ్మేళనం. ఇంక అయస్కాంతానికి అంటుకోదు" అంది ధీమాగా. నల్లటి ముద్ద టక్కున అతుక్కుంది. పిల్లలు గొల్లుమన్నారు. ఆమె కూడా నవ్వేసింది.

"గంధకం చాల్లేదబ్బా, మళ్లీ చేద్దాం" అంటూ ఈసారి ఇంకాస్త గంధకం వేసి, ఎర్రగా రగిలేదాకా కాల్చింది. చల్లారాక అయస్కాంతాన్ని, అందరికంటే గట్టిగా నవ్విన భాగ్య చేతికిచ్చింది. ఎంత రుద్దినా రవ్వంతైనా అంటలేదు.

"ఇనుము యాడికి పోయింది టీచర్?" అంది భాగ్య.

"యాడికీ పోలేదు, ఈడే ఉండాది. గంధకంతో కలిసి గుణం మారింది."

భాగ్య ముఖంలో అనుమానం పోలేదు. టీచర్‌కు అది నచ్చింది.

"నేను చెప్పినానని నమ్మొద్దు. రేపు నువ్వే చేసి చూడు."