కొంగ టీచరమ్మ పియానో

పియానో టీచరమ్మకు వీధి పిల్లలు పెట్టిన పేరు కొంగ టీచరమ్మ. నరం దెబ్బతిని కుడి పాదం చచ్చుబడ్డాక, వేళ్ళు నేలకు తట్టుకోకుండా మోకాలు బాగా పైకెత్తి అడుగేస్తుంది మరి. పిల్లల నోళ్ళకు తాళాలెవరు వేస్తారు? ఆమే నవ్వి ఊరుకునేది.

నవ్వుకోలేనిది ఒక్కటే. పియానో కింద కుడి పాదంతో నొక్కే పెడల్ ఉంటుంది. అది నొక్కితేనే ఒక స్వరం ఇంకో స్వరంలో కలిసి పారుతుంది. ఎడమ పాదంతో ప్రయత్నిస్తే ఒళ్ళంతా మెలితిరిగి చేతులు తడబడ్డాయి. పాఠాలు చెబుతోంది కానీ, తనకోసం వాయించుకోవడం మానేసింది. ఇనుప చట్రంతో హాలంతా ఆక్రమించిన ఆ పియానో మీద ఇప్పుడు ఇస్త్రీ బట్టలుంటాయి.

పాత వాయిద్యాలు బాగుచేసే మరిది ఒకరోజు కబురు పెట్టాడు. "రెండొందల ఏళ్ళు దాటిన పియానో వచ్చింది వదినా. తీగలు బిగించాను. వచ్చి విను."

షెడ్డులో దాన్ని చూసి ఆమెకు నవ్వాగలేదు. సన్నటి కాళ్ళు, చట్రమంతా చెక్కే. తెల్లగా ఉండాల్సిన మెట్లు నల్లగా, నల్లవి తెల్లగా ఉన్నాయి.

"ఇది పియానోనా, బొమ్మల పెట్టెనా?"

"పిట్ట కొంచెం, కూత ఘనం. ముందు కూర్చో."

వేలు ఆనించిందో లేదో స్వరం పలికింది. ఇంటి పియానోలో ఒకదాన్నొకటి తొక్కుకునే కింది స్వరాలు ఇక్కడ విడివిడిగా, మనిషి మాట్లాడుతున్నంత స్పష్టంగా వినిపించాయి. కానీ పలికిన వెంటనే ఆరిపోతున్నాయి. అలవాటుకొద్దీ కిందికి చూసింది. పెడల్ లేదు.

"దీనికీ నాలాగే పాదం లేదన్నమాట."

మరిది తడుముకోలేదు. "పాదంతో పనేముంది? మెట్ల కింద చెక్క మీట ఉంది చూడు. మోకాలు పైకెత్తు."

అడుగడుగునా ఎత్తీ ఎత్తీ రాటుదేలిన మోకాలది. మీట లేచింది. ఆగిపోవాల్సిన స్వరం ఆగలేదు. దాని మీదికి ఇంకోటి, ఆపైన మరోటి వచ్చి కలిశాయి. ఆమె మరిచిపోయాననుకున్న పాట చివరికంటా వాయించి, నమ్మలేక తన మోకాలికేసి చూసుకుంది.

"ఎవరో నాకోసమే చేసినట్టుంది."

"నీ ఒక్కదానికేంటి? అప్పట్లో చాలా పియానోలు ఇలాగే చేసేవాళ్ళు."

"అంటే... ఆనాటి మహా విద్వాంసులు కూడా ఇలా మోకాలెత్తే వాయించారా?"

"అంతా కొంగలే వదినా."

ఆమె పకపకా నవ్వింది. నవ్వుతూనే కళ్ళు తుడుచుకుని, మళ్ళీ మొదట్నుంచీ అందుకుంది.