పికిలిపిట్ట కేసులో ఫిర్యాదుదారు

ఆ రోజుల్లో నాకు జీతం నెలకొకసారీ, కోపం రోజుకు నాలుగుసార్లూ వచ్చేవి. కాకినాడ నుంచి వచ్చి ఉద్యోగంలో చేరి అప్పటికి ఏడాది కూడా కాలేదు. గచ్చిబౌలిలో ఒక అపార్ట్‌మెంటు రెండో అంతస్తులో అద్దెకుండేదాన్ని. వారంలో మూడు రోజులు ఆఫీసు, గురు శుక్రవారాలు ఇంటి నుంచే పని. పనేమిటంటే ఇతరులు రాసిన ప్రోగ్రాముల్లో తప్పులు పట్టడం. పొద్దస్తమానం తప్పులు పట్టే మనిషికి సాయంత్రం ఆరు దాటగానే ఆ అలవాటు ఎక్కడికి పోతుంది? లిఫ్టులో తప్పు, చెత్తబుట్టల దగ్గర తప్పు, ఎదురు ఫ్లాటువాళ్ల చెప్పుల స్టాండులో తప్పు. అన్నిటికీ అపార్ట్‌మెంటు యాప్‌లో ఫిర్యాదు పెట్టేదాన్ని. ఆఫీసులో నేర్పిన పద్ధతిలోనే రాసేదాన్ని: ఏం జరిగింది, ఏం జరగాల్సింది, బాధ్యులెవరు, ఆధారమేమిటి. (ఆ చివరిది గుర్తుపెట్టుకోండి. నా పరువు పోయింది దానివల్లే.)

ఈ ఫిర్యాదులన్నీ వెళ్లేది మా సంఘం సెక్రటరీగారికి. ఆయన ప్రభుత్వ ఉద్యోగం చేసి రిటైరైన మనిషి. ఏం చేసినా ముందొక సర్క్యులర్ అంటించి చేసేవారు కాబట్టి నేను మనసులో ఆయనకు సర్క్యులర్ బాబాయ్ అని పేరు పెట్టుకున్నాను. ఆ మార్చి నెలలో ఒక బుధవారం, పార్కింగు పక్కనున్న పూలకంచెను ఆయన సర్క్యులర్ ప్రకారం నడుమెత్తుకు కత్తిరించారు. మర్నాడు పొద్దున్నే ఇస్త్రీ బట్టలు తెచ్చుకోవడానికి కిందికి దిగాను కదా, ఆ కంచె మొదట్లో, గుప్పెడంత పక్షి పిల్ల. తోక సరిగా రాలేదు, మూతి చివర్లు ఇంకా పసుపుపచ్చగా ఉన్నాయి. రెండు గెంతులు వేసి కూలబడుతోంది. పైన కేబుల్ తీగ మీద రెండు పెద్ద పికిలిపిట్టలు, అదే, నెత్తిన నల్లటి జుట్టూ తోక కింద ఎర్రమచ్చా ఉంటాయి చూడండి, అవి గొంతు చించుకుని అరుస్తున్నాయి. కంచె కొట్టేసినందుకు పిట్టలక్కూడా ఈ కమిటీ మీద ఎంత మంటగా ఉందో అనుకున్నాను. ఈ లోకంలో నాకు తోడుగా కోపం తెచ్చుకున్నవాళ్లు ఇద్దరైనా ఉన్నారని కాస్త ధైర్యం కూడా వచ్చింది.

ఇక నాకు ఆగలేదు. ముచ్చట కోసం కంచె కొట్టేస్తారా? గూడు కూల్చి, తల్లిని తరిమేసి, పసిగుడ్డును నేల మీద పడేస్తారా? పిల్లను ఓణీలో చుట్టి పైకి తెచ్చి, ఆన్‌లైన్‌లో కొన్న మిక్సీ తాలూకు అట్టపెట్టెలో పడుకోబెట్టాను. అరగంటకోసారి తిండి పెట్టాలని ఫోను చెప్పింది. ఏం పెట్టాలన్నది మాత్రం ఒక్కొక్కరు ఒక్కోటి చెప్పారు. గుడ్డు ఉడకబెట్టి, బొప్పాయి మెదిపి, ఇంకు ఫిల్లరుతో నోట్లో వేయబోతే అది ముక్కు బిగించి నా వంక చూసింది. సరిగ్గా మా మేనేజరు నా సెలవు చీటీ వంక చూసే చూపు. ఆ మేనేజరే పదిన్నరకు ఫోను చేసి, నా క్యాలెండరులో పొద్దున్నుంచి సాయంత్రం దాకా అరగంటకోసారి ఉన్న ఎర్రగీతలు ఏమిటని అడిగాడు. ఒక అనాథ ప్రాణం ముందు మన రిలీజు తేదీ ఎంతటిదని గట్టిగానే అన్నాను. ఆయన మాత్రం, మంచి పనేనండి, కాకపోతే మ్యూట్‌లో చేయండన్నాడు. (ఆ మాటకు నాకు రెండు రోజులు ఒళ్లు మండింది. ఇప్పుడు ఆలోచిస్తే, పాపం, అంతకన్నా మర్యాదగా ఎవరంటారు?)

మధ్యాహ్నానికి ఇంకో తలనొప్పి మొదలైంది. పావురాలు రాకుండా నా బాల్కనీకి కట్టించిన వల ఉంది కదా, దానికి ఆ రెండు పికిలిపిట్టలు వేలాడుతూ ఒకటే గోల. ఆఫీసు కాల్‌లో అవతలున్న విదేశం క్లయింటు వినయంగా, మీ దగ్గర ఏదైనా అలారం మోగుతోందా అని అడిగాడు. తలుపు వేశాను. వంటింటి కిటికీకి వచ్చాయి. కిటికీ వేశాను. బాత్రూం వెంటిలేటరుకు వచ్చాయి. శుక్రవారం పొద్దున దుప్పటి దులిపి, చప్పట్లు కొట్టి, చివరికి చీపురు పట్టుకుని మరీ తరిమాను. పసిబిడ్డ పడుకున్న ఇంటి ముందు ఇంత అల్లరా, బుద్ధుందా మీకు అని వాటితో నిజంగానే పోట్లాడాను. అవి మాత్రం పోలేదు.

అప్పుడు రాశాను నా జీవితంలోకెల్లా గొప్ప ఫిర్యాదు. ఏం జరిగింది: అభంశుభం తెలియని పిల్లను తల్లి నుంచి వేరుచేశారు. ఏం జరగాల్సింది: తల్లీబిడ్డలను వాళ్ల మానాన వదిలేయాలి. బాధ్యులెవరు: కమిటీయే తేల్చాలి, తేలినవాళ్లు అందరి ముందూ క్షమాపణ చెప్పాలి. ఆధారం: గేటు పక్క కెమెరా రికార్డింగు. అనుబంధంగా, నిలువనీడ పోయిన మరో రెండు పిట్టలు నా బాల్కనీ మీద పడి నా ఉద్యోగానికి ఎసరు పెడుతున్నాయి, దానికీ కమిటీదే పూచీ అని కూడా చేర్చాను. అది చదివి ఇరవైమంది దణ్ణాల బొమ్మలు పెట్టారు. మూడో అంతస్తు ఆంటీ నాది అమ్మ మనసని మెచ్చుకుంది. నాకు కాలు నేలమీద నిలవలేదు.

కానీ సాయంత్రానికి పిల్ల వాలిపోయింది. ఈకలు ఉబ్బించుకుని, కళ్లు మూసుకుని పెట్టె మూలకు ఒరిగింది. ఫిల్లరుతో బలవంతాన పోసిన నాలుగు చుక్కలు తప్ప రెండు రోజులుగా అది తిన్నదేమీ లేదు. పశువుల దవాఖానలకు ఫోను చేస్తే కుక్కనా పిల్లినా అని అడిగి, పిట్ట అనగానే డాక్టరుగారు సోమవారం వస్తారన్నారు. దీనికి సోమవారం దాకా గడువుందా? అది నా అరచేతిలోనే చచ్చిపోతుందని భయమేసింది. ఏడ్చాను. ఏడుస్తూ కూడా సర్క్యులర్ బాబాయ్‌నే తిట్టుకున్నాను.

శనివారం పొద్దున పిల్ల ఇంకా ఊపిరితో ఉంది. ఎనిమిదింటికల్లా ఆయన దగ్గర్నుంచి ఫోను, రికార్డింగు దొరికింది, ఆఫీసు గదికి రమ్మని. ఇస్త్రీ డ్రెస్సు వేసుకుని, పిల్లను పెట్టెతో సహా సాక్ష్యంగా తీసుకుని వెళ్లాను. గదిలో ఆయనా, వాచ్‌మన్ భార్యా ఉన్నారు. ఆవిడది వికారాబాద్ వైపు, మేమంతా అక్కా అనేవాళ్లం. తెర మీద బుధవారం నాటి కంచె కత్తిరింపు నడుస్తోంది. మూలనున్న పొద దగ్గరికి రాగానే బాబాయ్ స్వయంగా అడ్డం నిలబడి, అందులో గూడుంది, ముట్టుకోవద్దని పనివాళ్లకు సైగ చేస్తున్నారు. తర్వాత గురువారం పొద్దుటిది. పిల్ల పొదలోంచి కిందికి గెంతింది. ఒక పెద్ద పిట్ట పురుగు తెచ్చి దాని నోట్లో పెట్టి పోయింది. రెండోది ఇంకోటి తెచ్చింది. అంతలో తెరలోకి ఒక శాల్తీ వచ్చింది. జుట్టుకు క్లిప్పు, చంకలో ఇస్త్రీ బట్టలు. నడుం మీద చెయ్యి వేసుకుని లోకం మొత్తాన్ని ఒకసారి కొరకొరా చూసి, పిల్లను ఎత్తి ఓణీలో చుట్టుకుని లిఫ్టు వైపు నడిచింది. రెండు పిట్టలూ లిఫ్టు తలుపు దాకా ఆవిడ నెత్తిన కొట్టుకుంటూ వెళ్లాయి.

బాబాయ్ కళ్లజోడు తుడుచుకుంటూ, "మీరడిగిన రికార్డింగేనమ్మా. ఇంకోసారి వెయ్యమంటారా?" అన్నారు. అంత మర్యాదగా నన్నెవరూ అంతకుముందు చంపలేదు.

అక్క పెట్టెలోకి తొంగిచూసింది. "గిది అనాథ గాదు మేడమ్. ఎగురుడు నేర్సుకునే పిల్ల. నాలుగు రోజులు గిట్లనే కింద తిరుగుతది, తల్లి ఆడికే తెచ్చి పెడ్తది. గా రెండు పిట్టలు మీ బాల్కనీ కాడ మొత్తుకున్నది ఎవరి కోసమనుకున్నవ్?"

చీపురు గుర్తొచ్చింది. మనిషి చెయ్యి తగిలిన పిల్లను తల్లి దగ్గరికి రానివ్వదంటారే అని గొణిగాను. గవన్నీ ఉత్త మాటలు, ముందు తీస్కరా అని ఆవిడ నా చెయ్యి పట్టుకుని లాక్కెళ్లింది. పిల్లను పొద మొదట్లో దించాం. అది కళ్లు కూడా తెరవలేదు. ఒక నిమిషం, రెండు నిమిషాలు. ఏ పిట్టా రాలేదు. నేను వంగి చూస్తూ అక్కడే నిలబడ్డాను. "నువ్వు మీద నిలబడితే అదెట్లొస్తది? జర దూరం నిలబడు," అని అక్క నన్ను ఒక కారు వెనక్కి లాగింది. అప్పుడు వచ్చింది తల్లి. ముక్కున ఆకుపచ్చటి పురుగు. రెండు రోజులు నా గుడ్డుకీ బొప్పాయికీ బిగుసుకున్న ఆ నోరు ఒక్కసారిగా పిట్టంత వెడల్పు తెరుచుకుంది. సంతోషంతో కళ్లనీళ్లు తిరిగాయి. అవమానంగా కూడా ఉంది, అబద్ధమెందుకు?

ఫిర్యాదు మూసేద్దాం, ఎవరికీ చెప్పనక్కర్లేదని బాబాయ్ అన్నారు. నాకు అన్నిటికంటే ఆ దయకే మండింది. అదే యాప్‌లో, అదే పద్ధతిలో రాశాను. ఏం జరిగింది: అదే. బాధ్యులెవరు: రెండో అంతస్తు, నేను. ఆధారం: వీడియో జతచేయడమైనది. ఈసారి దణ్ణాల బొమ్మ ఒక్కటే వచ్చింది, అదీ బాబాయ్ పెట్టిందే.

ఇప్పుడు చందానగర్‌లో ఉంటున్నాను. కోపం రోజుకు ఒకసారికి దిగింది. మొన్న ఆదివారం మా కింద పార్కింగులో, మెడలో ఐడీ కార్డుతో ఒక కొత్త అమ్మాయి, నేల మీది పిట్టపిల్లను చున్నీలోకి ఎత్తుకోబోతోంది. వద్దమ్మా, వదిలేయమన్నాను. ఆ పిల్ల నన్ను ఎగాదిగా చూసి, "మీలాంటివాళ్ల వల్లేనండి లోకం ఇలా ఉంది. అసలు మనసుందా మీకు?" అంది. ఆ కళ్లలోని మంట నాకు బాగా తెలుసు. ఎంత ముద్దొచ్చిందో చెప్పలేను. చెయ్యి పట్టుకుని కారు వెనక్కి లాగి, జర దూరం నిలబడదాం అన్నాను.