మూడు కొట్ల ధీమా

ఒక కాలు పొట్టిగా ఉన్నవాళ్ళకి ఎత్తు చెప్పులు కుట్టడంలో మేస్త్రిని మించినవాడు ఆ చుట్టుపక్కల లేడు. ముప్ఫయ్యేళ్ళుగా అదే పని. మనిషి నాలుగడుగులు నడిస్తే చాలు, తేడా అంగుళమా, అంగుళమున్నరా అని చెప్పేసేవాడు. అంత పనితనం ఉన్నవాడికి కాస్త గర్వం ఉంటే తప్పులేదు. కానీ ఆయన గర్వమంతా తన ముందుచూపు మీద.

ఎత్తు చెప్పుకి ప్రాణం అడుగున వేసే స్పాంజి షీటు. దూదంత తేలిక, మనిషి బరువు మోసినా అణగదు. దాన్ని మేస్త్రి ఒక్క చోట కొనేవాడు కాదు. బక్కాయన కొట్లో కొంత, అన్నదమ్ముల కొట్లో కొంత, వంతెన పక్క ముసలాయన దగ్గర కొంత.

"ఒకడు లేదంటే ఇంకొకడు. మనకేం ఢోకా?" అనేవాడు.

"ఆ ముగ్గురూ ఎక్కణ్ణుంచి తెస్తున్నారో కనుక్కోరాదూ?" అంది భార్య ఒకసారి.

"నదీమూలం, ఋషిమూలం అడగకూడదంటారు. సరుకు మూలమూ అంతే. అడిగితే, వాణ్ణి తప్పించి నేనే తెచ్చుకుందామని చూస్తున్నాననుకుంటాడు. మర్యాద కాదు."

మొహమాటం మనిషిని నిలువునా ముంచుతుందంటే ఎవరు వింటారు?

ఒకరోజు బక్కాయన షీటు లేదన్నాడు. మేస్త్రి నవ్వుకుంటూ అన్నదమ్ముల దగ్గరికి వెళ్ళాడు. వాళ్ళూ లేదన్నారు. వంతెన దగ్గరికి చేరేసరికి ఆయన మొహంలో నెత్తురుచుక్క లేదు.

"మిల్లు కాలిపోయింది మేస్త్రీ. మళ్ళీ లేచేసరికి ఏడాది పడుతుందట" అన్నాడు ముసలాయన.

"ఏ మిల్లు?"

"మా ముగ్గురికీ ఉన్నది అదొక్కటే కదా. ఒకే లారీలో దింపుకుంటాం."

"నాకెవరూ చెప్పలేదే."

"నువ్వడగలేదే. అడిగితే దాచేవాళ్ళమా?"

మేస్త్రి ఆ కొట్టు మెట్టు మీదే కూలబడ్డాడు. మిల్లు కాలడం ఆయన చేతిలో లేదు. నోరు తెరిచి ఒక్క మాట అడగడం మాత్రం ఆయన చేతిలోనే ఉండింది.

ఉన్న షీటు ఇరవై రోజులకి అయిపోయింది. పాత టైరు రబ్బరు పేర్చి కుట్టి చూశాడు. ఒక పంతులమ్మ ఆ చెప్పుల్ని వారం తొడుక్కుని, మోకాలు వాచి, తిరిగి తెచ్చింది. కోప్పడినా బాగుండేది. "పరవాలేదు బాబాయ్" అని గోడ పట్టుకుని వెళ్ళిపోయింది. ఆ తర్వాత ఆయన కత్తి ముట్టుకోలేదు. పొద్దున్నే కొట్టు తీసి, వచ్చినవాళ్ళకల్లా లేదని చెప్పి, సాయంత్రం మూసేవాడు. ఆ మాట చెప్పీ చెప్పీ మనిషి సగమైపోయాడు.

ఆయన దగ్గరే పని నేర్చుకుని అవతలి పేటలో కొట్టు పెట్టుకున్న అమ్మాయికి మాత్రం పని ఆగలేదు. లారీ వచ్చినప్పుడల్లా బస్తా మీది చీటీ చదివేది, డ్రైవర్ని ఆరా తీసేది. అందరి సరుకూ ఒక్క మిల్లుదేనని ఏడాది కిందటే పసిగట్టి, ఎక్కడో రెండో మిల్లు వెతికి సగం సరుకు అక్కణ్ణుంచి తెప్పించుకుంటోంది. సిగ్గులేని పిల్ల అని అప్పట్లో దాన్ని ఆడిపోసుకున్నది మన మేస్త్రే. ఇప్పుడు ఆ రెండో మిల్లు పాత ఖాతాదార్లకి తప్ప ఇవ్వడం లేదు. ఆమెకి వచ్చే షీటు ఆమె ఒక్క కొట్టుకే బొటాబొటి.

నాలుగో నెలలో ఆ మిల్లు ఆమెకి సరుకు పెంచిందని తెలిసి, మేస్త్రి తన దగ్గరున్న పాదాల కొలత కాగితాలన్నీ కట్టగట్టి ఆమె ముందు పెట్టాడు. రెండొందల మంది కాళ్ళు.

"వీళ్ళు నడవాలి కదమ్మా. ఇక నువ్వు చూసుకో."

"మీరూ వచ్చి నా దగ్గర కూర్చోండి గురువుగారూ. మడమ మీలా చెక్కేవాళ్ళు లేరు."

"చూద్దాంలే అమ్మా" అన్నాడు. రాడని ఇద్దరికీ తెలుసు.

ఇంటికొచ్చి కాళ్ళు కడుక్కోకుండానే కుర్చీలో కూర్చున్నాడు.

"ఇచ్చేశాను" అన్నాడు భార్యతో. "రేపు పొద్దున్న నేనెక్కడికి వెళ్ళాలే?" అని అడిగాడు.