చేదెక్కిన చామంతి కూర

చామంతిని వండుకు తినడమేమిటని ముఖం చిట్లించారా? నిన్న విశాఖలో ఒక పెద్ద కొట్లో చామంతి ఆకు కట్టలు కట్టి అమ్ముతుంటే నా పక్కనున్నాయన కూడా అలాగే చిట్లించాడు. నేను మాత్రం ఒక కట్ట వాసన చూసి, పదేళ్లు వెనక్కి, పాతపట్నం దగ్గర మా మేనత్త వాకిట్లోకి వెళ్లిపోయాను.

ఓడలో వంటపని చేసే మా తమ్ముడు సింగపూర్ నుంచి ఆ గింజలు తెచ్చాడు. ఆకు కోసమే పెంచే చామంతి అది. అత్త మడి కట్టి చల్లింది. మావయ్య పోయి అప్పటికి రెండేళ్లు. మొక్కలు జానెడయ్యాయో లేదో, మావయ్య అన్నగారు, మా పెదమావ, కర్రతో మడిని పొడుస్తూ నిలబడ్డాడు.

"మొగుడు పోయినదాని వాకిట్లో సామంతులేటి? పీకెయ్!"

వేదికలెక్కి మూఢాచారాలను చీల్చి చెండాడే నేను అక్కడే ఉన్నాను. నా తర్కమంతా కూడదీసుకుని అన్న మాట ఇది: "పువ్వు కాదు పెదమావా, కూర. తోటకూర లాంటిదే."

ఆయన పొడవడం ఆపి తీర్పు చెప్పాడు. "కూరయితే మొగ్గ కట్టకముందే కోసేయాల."

గెలిచాననుకున్నాను. రెండు చలికాలాలు అత్త మొగ్గ రాకముందే కోసి, ఆవ పెట్టి వండింది. మూత తీస్తే వంటింట్లో పూలదండ విప్పిన వాసన. మూడో ఏడు కొయ్యలేదు. కూర ముదిరిపోతోందని గుర్తుచేశాను.

"ముదరనీరా. కూర పేరు సెప్పి నువ్వు తగువు తీర్సీసినావు. పువ్వేటి తప్పు సేసినాది?"

మొగ్గలు పసుపుపచ్చగా విచ్చుకున్న రోజు, అత్త రెండు పూలు కోసి సిగలో పెట్టుకుని అరుగు మీద కూర్చుంది. పెదమావ వచ్చాడు.

"ఏటమ్మా, కూర తలకెక్కినాది?"

"అవును బావగారూ. సేదెక్కిపోనాది, తినలేక పెట్టుకున్నాను."

నేను పగలబడి నవ్వాను. ఆయన నవ్వలేదు. ఆ నెల్లోనే తన మనవరాలి పెళ్లికి అత్తను పిలవలేదు. అత్త పిలుపు లేకుండానే వెళ్లింది, అవే పూలతో. ఆడవాళ్ల వరసలో ఒక్కొక్కరి ముందూ ఆగుతూ వచ్చిన పూలపళ్లెం అత్తను దాటిపోబోయింది. అత్త చెయ్యి అడ్డం పెట్టింది. "ఆగు తల్లీ. నాకూ తలుంది." పళ్లెం పట్టుకున్న అమ్మాయి ఒకసారి పెదమావ వైపు చూసి, పళ్లెం అత్త ముందుకు వంచింది.

కాలమే అన్నీ మారుస్తుందని ఉపన్యాసాల్లో చెప్పినవాణ్ని నేను. ఏళ్ల తరబడి ఆ పళ్లెం కాలం కళ్లముందే దాటిపోతూ వచ్చింది. ఒక చెయ్యి అడ్డం పడ్డాకే ఆగింది. మీ ఇంటి పెళ్లిలో అది ఎవరినైనా దాటిపోతుంటే, ఆమె చెయ్యి చాచేదాకా చూస్తూ కూర్చోకండి. లేచి మీరు ఆపండి.