ఫిల్టరు కింద అరచెయ్యి

మా కారు పెట్రోలు ఫిల్టరు కారుతుంటే ఆటోనగర్ మేస్త్రీ ఒకతను మా ఇంటికే వచ్చి మార్చాడు. కారు కింద పడుకుని కొత్తది బిగించాక, దాని కింద అరచెయ్యి చాచి కళ్ళు మూసుకున్నాడు. మా సత్సంగంలో కూడా అంత నిశ్చలమైన మనిషిని నేను చూడలేదు. ఆ పొద్దుటి పొగమంచులో అతను జపంలో ఉన్నట్టే తోచింది.

కొత్త సామాను కదా అని కర్పూరం వెలిగించి కారుకు హారతి ఇవ్వబోయాను.

"అక్కడే ఆగండి మాస్టారూ. ఇంకా సేతిలో సుక్క పడతంది. బండితోపాటు నన్నూ సాగనంపుతారేటి?" అన్నాడు మెల్లగా.

వెలిగించిన హారతిని ఆర్పడానికి మనసొప్పక దేవుడి గదిలోకి పట్టుకెళ్ళి, ఆరకుండా మరో కర్పూరం బిళ్ళ వేశాను. అతను మళ్ళీ బిగించి, చుక్కలు ఆగాక వచ్చి గుమ్మం బయటే నిలబడ్డాడు. హారతి కళ్ళకద్దుకోమని పిలిచాను.

"నా సేతికి పెట్రోలుంది. మంట కాడికి నాను రాకూడదు."

నా అరచేతులు హారతికి చూపి, వెళ్ళి అతని కళ్ళకు అద్దాను. రెప్పలు చల్లగా ఉన్నాయి.