పెదనాన్న అరుగు మీద క్యాంటీన్ సంచులు

మా చిన్నప్పుడు పామర్రు సెంటర్లో బెజవాడ బస్సు ఆగగానే పెదనాన్న కాటా వదిలేసి కిరాణా కొట్టు దిగేవాడు... బస్సు మెట్ల మీంచి రెండు సంచులు అందుకోవడానికి.

ఆ సంచులు మిలిటరీ మావయ్యవి. సైన్యంలో పనిచేసి రిటైరై వచ్చిన ఆయన నెలకోసారి బెజవాడ వెళ్ళి మిలిటరీ క్యాంటీన్ సరుకులు తెచ్చేవాడు. సబ్బులు, టీ పొడి, కొబ్బరినూనె... బజారు కంటే చవక. తాను వాడుకోగా మిగిలినవి వీధిలో వాళ్ళకు కొన్న ధరకే ఇచ్చేవాడు.

రిక్షా దొరికేదాకా సంచులు కొట్టు అరుగు మీదే ఉండేవి. ఆడవాళ్ళు అక్కడికే వచ్చి ఎవరి సబ్బులు వాళ్ళు తీసుకెళ్ళేవారు. అవే సబ్బులు వెనక కొట్టు అలమరలోనూ ఉండేవి.

"నా కొట్టు మొత్తం మోసుకొచ్చావా బావా?" అనేవాడు పెదనాన్న.

"నీక్కూడా ఓటి తెచ్చాలే, మొహం కడుక్కో" అనేవాడు మావయ్య.

వాళ్ళు చుట్టాలు కారు. వరస అలా కలిసిందంతే.

సబ్బులు కొనేవాళ్ళు లేక కొన్నేళ్ళకు ఆ అలమర ఖాళీ అయింది. పప్పులు, చింతపండు, ఉప్పు మిగిలాయి. ఓసారి పెదనాన్న దివిసీమ మినుముల పప్పు పొట్లం కట్టి మావయ్య చేతికిచ్చాడు.

"మన పప్పు కొంటారేమో అడుగు బావా. మిలిటరీ వాళ్ళు ఇడ్లీ తినరా ఏంటి?"

తర్వాతి నెల ఆ పొట్లం, కట్టిన దారం కట్టినట్టే, తిరిగొచ్చింది. క్యాంటీన్ వాళ్ళు మర్యాదగానే చెప్పారట... డిపో నుంచి వచ్చిందే అమ్ముతాం, ఇక్కడ ఏదీ కొనమని.

విలేకరినయ్యాక ఆ పద్ధతి నాకు తెలిసింది. కంపెనీలతో ధర ఒక్కచోటే మాట్లాడుకుంటారు. సరుకు డిపోలకు, అక్కడి నుంచి క్యాంటీన్లకు. పన్నులోనూ రాయితీ. ఇందులో ఎవరి తప్పూ లేదు. ఆ దారిలో పామర్రు కొట్టు లేదు, అంతే.

పొట్లం తిరిగొచ్చిన రోజు మావయ్య, ఇక నా మటుకే తెచ్చుకుంటాలే అన్నాడు. పెదనాన్న ఒప్పుకోలేదు.

"నువ్వు మానేస్తే వీధంతా నన్ను తిడతారు. తే బావా."

నేను కాలేజీలో ఉండగా కొట్టు మూతపడింది. క్యాంటీన్ ఒక్కటే కారణమని రాయను. పెద్ద షాపులూ వచ్చాయి. పెదనాన్న ఇప్పుడు లేడు.

మొన్న పామర్రులో బస్సు కోసం నిలబడి ఉంటే, మావయ్య చేతికర్రతో దిగుతూ కనిపించాడు. అలవాటు కొద్దీ సంచి ఉన్న చెయ్యి కిందికి చాచి మెట్టు మీదే ఆగాడు... నేను వెళ్ళి అందుకున్నాను.

"ఇప్పుడెవరూ అడగట్లేదురా. అంతా ఫోన్లోనే తెప్పించుకుంటున్నారు" అన్నాడు.

కొట్టు ఉన్నచోట సెల్‌ఫోన్ల షాపు ఉంది. అరుగు లేదు. సంచి ఎక్కడ దించాలో మా ఇద్దరికీ తోచలేదు...

మీ ఊరి సెంటర్లో అలాంటి అరుగు ఇంకా ఉందా? ఉంటే చెప్పండి.